మోగే పెట్టె

మా కట్టుగదిలో ఒక పద్ధతి ఉంది. గాజు సామాను అట్టపెట్టెలో సర్ది, మూత మూసి, టేపు వేశాక ఆ పెట్టె తిన్నగా గుమ్మం దాటదు. ముందు చెవులమ్మ దగ్గరికి వెళ్లాలి. ఆవిడ దాన్ని రెండు చేతులా ఎత్తి, ఎడమ చెవికి ఆనించుకుని, మెల్లగా అటూ ఇటూ ఊపుతుంది. లోపల ఏ కాస్త అలికిడి వినబడినా "మోగుతోంది" అంటుంది. ఆ మాట వచ్చిందంటే టేపు కోసి మళ్లీ మొదటినుంచి కట్టాలి. అలికిడి లేకపోతే ఏమీ అనదు. పెట్టెను తీసుకెళ్లి గోడవారన పెడుతుంది. గోడవారన చేరిన పెట్టెలే లారీ ఎక్కుతాయి.

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. ఇప్పుడా పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. ఎదురుగా మేమంతా పిన్నీ అంటాం, వెనకాల చెవులమ్మ అంటాం. ఆ సంగతి ఆవిడకి తెలుసు. "చెవులున్నదాన్ని, నాకు వినబడదా" అంటుంది.

నేను ఈ పనిలో చేరేటప్పటికి మా పాపకి ఇంకా బోర్లా పడటం రాలేదు. మా అత్తయ్య తన కూతురి కాన్పుకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. మా ఆయన బస్సు నడుపుతాడు. ఆయన ఇంట్లో ఉండే వేళకి ఒక లెక్క లేదు. దగ్గర్లో పిల్లల్ని చూసుకునే చోటు ఒకటుంది గానీ, నడక వచ్చిన పిల్లల్నే చేర్చుకుంటారు. అందుకని పాపను చంకనేసుకునే ఓనరు గారి ముందుకి వెళ్లి నిలబడ్డాను. ఆయన పాపను చూశారు, అరల్లో ఉన్న గాజు సామాను చూశారు, మళ్లీ పాపను చూశారు.

"ఏడుస్తుందా?" అన్నారు.

"పాలు తాగితే పడుకుంటుందండి."

"ఏడిస్తే ఏడవనీ. నీ ధ్యాస దాని మీదుండి చేతిలోది పాడైతే మాత్రం ఊరుకోను. దానివల్ల ఒక్క సామాను పగిలిందని తేలినా ఇంటి దగ్గర వదిలేసి రావాలి."

ఇంటి దగ్గర ఎవరూ లేరని ఆయనకి ముందే చెప్పాను. అంటే అప్పుడు నేనూ రానక్కర్లేదని అర్థం. సరేనన్నాను.

పాప కోసం చెవులమ్మ ఒక అట్టపెట్టె ఇచ్చింది. నా బల్ల కింద పెట్టుకున్నాను. అడుగున దుప్పటి మడతేసి, నాలుగు పక్కలా పాత బట్టలు చుట్టలు చుట్టి దట్టించాను. పాప ఎటు ఒరిగినా మెత్తగానే తగలాలి. ఒక పెట్టె కట్టడం అయి ఇంకోటి మొదలుపెట్టే లోపు వంగి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగిలితే లేచి మళ్లీ పని.

ముందు షెడ్డులో కొలిమి ఉంటుంది. అక్కడ గాజు ఊదే ఆయన్ని కొలిమి మామయ్య అంటాం. సీసాలూ, దీపం గ్లాసులూ ఎవరైనా ఊదుతారు గానీ పొడుగు మెడ కూజాలకి ఆయన పెట్టింది పేరు. పొట్ట గుండ్రంగా ఉంటుంది, మెడ మా పాప మణికట్టంత ఉంటుంది. చల్లారాక అవి మా గదికి వస్తాయి. వాటిని మెత్తటి కాగితంలో చుట్టాలి, దాని మీద బుడగల షీటు, దాని మీద అలల్లా మడతలుండే గీతల అట్ట. చుట్టినదాన్ని చిన్న పెట్టెలో పెట్టి, ఆ చిన్న పెట్టెను పెద్ద పెట్టెలో పెట్టి, చుట్టూ ఖాళీని కాగితం తురుముతో నింపాలి. గదిలో అందరూ చేసేది ఇంతే. నేను ఇంకాస్త చేసేదాన్ని. మెడ చుట్టూ కాగితాన్ని మెలితిప్పి కూరేదాన్ని. వేలు దూరే సందు కనబడితే అక్కడో కాగితం ఉండ పెట్టేదాన్ని. నా పెట్టెలు ఒక్కసారైనా మోగలేదు. కొత్తగా వచ్చినవాళ్లకి చెవులమ్మ నా పెట్టెలే ఎత్తి చూపించేది. "చూడండి, రాయిలా ఉంది" అనేది.

ఒకరోజు ఆ రాళ్లలో ఒకటి వెనక్కి వచ్చింది.

వెనక్కి వచ్చిన పెట్టెకి మా దగ్గర ఇంకో పద్ధతి. కట్టినవాళ్లే విప్పాలి. ఊదినవాళ్లు ఎదురుగా ఉండాలి. చెవులమ్మ చూసి తేల్చాలి, పగులు గాజుదా, కట్టుదా, దారిదా అని. గాజుదైతే చీవాట్లు కొలిమికి, దారిదైతే లారీవాళ్లకి, కట్టుదైతే మాకు. ఎవరు కట్టారని అడగాల్సిన అవసరం రాలేదు. నేను టేపు చివరను కాస్త లోపలికి మడుస్తాను, అవతలివాళ్లు గోళ్లతో గీక్కోకుండా పట్టుకుని లాగడానికి. మా గదిలో ఇంకెవరికీ అంత ఓపిక లేదు.

కొన్నవాళ్లు పైన విప్పి, కూజా మెడ పగిలి ఉండటం చూసి, అంతటితో ఆపేసినట్టున్నారు. మళ్లీ మూత పడలేదు కాబోలు, పెట్టె చుట్టూ తాడు బిగించి పంపారు. దాన్ని బల్ల మీద పెట్టుకుని నిలబడ్డాను.

కొలిమి మామయ్య చొక్కాకి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మెడకి వచ్చిందట? నా మెడకేనా?"

"నీ మెడ ఎవడికి కావాలిలే" అంది చెవులమ్మ. "విప్పవే అమ్మాయ్."

తాడు విప్పాను. మూత దానంతట అదే లేచింది, పాలు పొంగినట్టు. దాని వెనకే తురుము పైకి ఉబ్బింది.

చెవులమ్మ చటుక్కున అరచేత్తో మూతను కిందికి అదిమి పట్టింది. గుమ్మం వైపు చూసింది. ఓనరు గారు బయట ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నారు.

"ఇది దారిది" అంది గొంతు తగ్గించి. "లారీలో దీని మీద ఏదో బరువు పడేశారు. ఏమంటావు?"

"నాకు గాజుది కాకపోతే చాలు" అన్నాడు మామయ్య. "మిగతాది మీరూ మీరూ పంచుకోండి."

"నువ్వేం మాట్లాడకు" అని నాతో అంది. "వంగి పిల్లను చూసుకుంటూ ఉండు."

నేను పెట్టెను చూశాను. మూలలు ఎక్కడా సొట్ట పడలేదు. అట్ట నలగలేదు. ఆవిడ అదిమిన రెక్కను వదిలి రెండో రెక్క ఎత్తి, తురుము జరిపి చూశాను. కూజా కూడా కదల్లేదు, నేను ఎలా పెట్టి పంపానో అలాగే కూర్చుని ఉంది. మెడకి మాత్రం అడ్డంగా ఒకే ఒక్క గీత, తలకాయ మొండెం వేరైనట్టు. దెబ్బ తగిలిన గాజు చిట్లిపోతుంది, దెబ్బ తగిలిన చోటునుంచి గీతలు నలుపక్కలా పాకుతాయి. ఇది అలా లేదు. మెడ చుట్టూ ఉన్న కాగితం మెలిక విప్పబోయాను. నేను బిగించిందే, నాకు విప్పడానికి బలం చాల్లేదు.

దీన్ని కట్టిన రోజు మూత పడకపోతే పెట్టె మీద కూర్చుని టేపు వేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఓనరు గారు లోపలికి వచ్చారు. "ఏం తేల్చారు?"

"దారిది బాబూ" అంది చెవులమ్మ. వాళ్ల నాన్నగారి కాలం నుంచీ ఉంది కాబట్టి ఆయన్ని బాబూ అనే పిలుస్తుంది.

ఆయన నమ్మేవారే. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం ఆ గదిలో నేను చూడలేదు. కానీ మామయ్య అలాంటి కూజా ఇంకోటి ఊదేశాడు. అరలో చల్లారుతోంది. మళ్లీ అదే ఇంటికి వెళ్లాలి, కట్టాల్సింది నేనే. ఎప్పట్లాగే కడితే ఎప్పట్లాగే పగులుతుంది. రెండోసారి కూడా దారి మీదకి తోస్తే ఎవరు ఒప్పుకుంటారు? అప్పుడు బల్ల కింద పాప ఉండదు. ధైర్యం ఉండి నోరు తెరవలేదు, ఈ లెక్కంతా తోచి భయమేసి తెరిచాను.

"కట్టుదేనండి."

చెవులమ్మ మూత మీద నుంచి చెయ్యి తీసేసి తల కొట్టుకుంది. మామయ్య పైకప్పు వైపు చూశాడు.

"పిల్ల ఏడుస్తోందని హడావిడిగా చుట్టేశావా?" అన్నారు ఓనరు గారు. ఆయన గొంతులో కోపం లేదు, ముందే అనుకున్న మాటలా ఉంది.

"లేదండి. మరీ గట్టిగా కట్టాను. మూత పడకపోతే మీద కూర్చుని టేపు వేశాను."

"పెట్టె మీద కూర్చున్నావా?"

"అవునండి."

"లోపల కూజా ఉందిగా."

"ఉందండి."

మామయ్యకి దగ్గొచ్చింది, నవ్వో దగ్గో తెలియలేదు. "బుగ్గలు పీక్కుపోయేలా ఊది చస్తుంటే, కూర్చోడానికా తల్లీ? చెబితే స్టూలే చేసి ఇచ్చేవాడిని."

"మోగలేదు బాబూ" అంది చెవులమ్మ. "నేను విన్నాను. ఎంత ఊపినా ఉలుకూ పలుకూ లేదు."

ఆవిడ ఎడమ చెవి మీదకి జుట్టు సర్దుకుంది.

ఓనరు గారు బల్ల కిందికి వంగి చూశారు. పాప మెలకువగానే ఉంది, బట్టల చుట్టల మధ్య నుంచి మొహం ఒక్కటే కనబడుతోంది.

"రెండోది కూడా నువ్వే కట్టు" అన్నారు లేచి. "అది క్షేమంగా చేరితే పిల్ల ఉంటుంది. చేరకపోతే ఇంక నన్నేమీ అడగొద్దు."

సాయంత్రం ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన కంచం ముందు కూర్చుని విన్నాడు. నేను చెబుతూనే పాప ముక్కు దగ్గర వేలు పెట్టాను. పాప ఉలిక్కిపడి లేచింది.

"ఊపిరి ఆడుతోందా లేదా అని దాన్ని లేపుతావు, లేచి ఏడిస్తే ఏడుస్తోందని నువ్వు ఏడుస్తావు" అన్నాడు. "నాకు ఇంట్లో ఇద్దరు పిల్లలు."

"నేను చెప్పేది విన్నావా అసలు?"

"విన్నాను. బస్సు కిక్కిరిసి ఉందనుకో, బ్రేకు వేస్తే ఒక్కడూ పడడు. పడే చోటేదీ? దిగేటప్పుడు మాత్రం ప్రతివాడూ పక్కటెముకలు పట్టుకుని నన్ను తిట్టుకుంటూ దిగుతాడు."

"ఖాళీగా ఉంటే?"

"ఖాళీగా ఉంటే వెనక నిలబడ్డవాడు ముందుకొచ్చి నా ఒళ్లో పడతాడు."

"మరి ఎలా ఉండాలి?"

"పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి, మోచెయ్యి ఆడించడానికి చోటుండాలి" అన్నాడు. "ఆ చారేదో ఇటు జరుపు."

మర్నాడు మామయ్య దగ్గరికి వెళ్లి, అడుగున బుడగ వచ్చి పక్కన పడేసిన కూజాలు అడిగాను. అవి ఎలాగూ పగలగొట్టి మళ్లీ కొలిమిలో వేసేవే.

"ఏం చేస్తావు?"

"కట్టి పడేస్తాను మామయ్యా."

"పడెయ్యడానికి కట్టడం ఎందుకు, ఊరికే పడెయ్" అన్నాడు గానీ ఇచ్చాడు. తనూ వెనకే వచ్చాడు.

మొదటిది నా పద్ధతిలోనే కట్టాను, ఈసారి ఎందుకు చేస్తున్నానో తెలిసి. "కూర్చోవా?" అన్నాడు మామయ్య. కూర్చునే టేపు వేశాను. బల్ల అంచు నుంచి కిందికి వదిలాం. చప్పుడు కూడా లేదు. విప్పితే మెడ విరిగి ఉంది. నేను టేపు వేస్తున్నప్పుడే విరిగిందో, కిందపడ్డాక విరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు.

రెండోది వదులుగా కట్టాను. అది పడగానే గదంతా వినబడింది. పొట్ట ముక్కలైంది. చెవులమ్మ తన బల్ల దగ్గర నుంచే, తల ఎత్తకుండా, "అది నేను ఊపకుండానే మోగింది" అంది.

మామయ్య ముక్కలు ఏరుతూ ఒక పెద్ద పెంకు చేతిలోకి తీసుకున్నాడు. "కూజాను నేను ఎక్కడ పట్టుకుంటానో ఎప్పుడైనా చూశావా? పొట్ట దగ్గర పట్టుకుంటాను. మెడ మీద చెయ్యే వెయ్యను. మెడ పట్టుకుంటే ఎవరికైనా కోపమే కదా."

మూడోదానికి పొట్ట చుట్టూ మాత్రమే బిగువుగా చుట్టాను, గీతల అట్టను గుండ్రంగా వంచి గూడులా చేసి అందులో కూర్చోబెట్టాను. మెడకి పల్చటి కాగితం ఒక్క చుట్టు వేసి వదిలేశాను. చుట్టూ ఖాళీ ఉంది. ఆ ఖాళీని చూస్తుంటే చేతులు వాటంతట అవే కాగితం ఉండల వైపు వెళ్లాయి. ఒక ఉండ తీసి సందులో పెట్టాను కూడా. మళ్లీ తీసేశాను. చిన్న పెట్టె చుట్టూ తురుము పోశాను, అదమలేదు. మూత రెండు వేళ్లతో తోస్తే పడింది.

బల్ల మీద నుంచి వదిలాం. మామయ్య ఇంకా తృప్తి లేక, తిరగేసి ఇంకోసారి వదిలాడు. ఆ తర్వాత "అందరూ కూర్చుంటున్నారుగా" అని పెట్టె మీద మెల్లగా తనూ కూర్చుని లేచాడు. విప్పాను. కూజా అడుగున దాని పాత బుడగ తప్ప వేరే మచ్చ లేదు.

అసలు కూజా ఆ సాయంత్రమే కట్టాను. పాప ఏడుస్తోంది. ముందు పాపను ఎత్తుకుని పాలిచ్చి పడుకోబెట్టి, అప్పుడు మొదలుపెట్టాను. పొట్టకి గూడు, మెడకి ఒక్క చుట్టు. కాగితం ఉండల బుట్టను కాలితో బల్ల అవతలికి తోసేశాను, చేతికి అందకుండా. టేపు వేసి, చివర మడిచి, పెట్టెను చెవులమ్మ ముందు పెట్టాను.

ఆవిడ ఎత్తింది. చెవికి ఆనించింది. ఊపింది. నాకే వినబడింది, లోపల మెడ దగ్గరి కాగితం కదులుతూ చేసే సన్నటి గరగర.

"మోగుతోంది" అంది.

"అవును పిన్నీ."

"విప్పు."

"విప్పను."

గదిలో మిగతావాళ్ల కత్తెరలు ఆగాయి. చెవులమ్మ పెట్టెను చెవి దగ్గర నుంచి తియ్యలేదు. "ఏమే, నేను ఈ గదిలో అడుగుపెట్టినప్పటి నుంచీ మోగే పెట్టె ఒక్కటీ ఆ గుమ్మం దాటలేదు. నువ్వు నిన్నగాక మొన్న వచ్చి విప్పనంటావా?"

"మొన్నటిది మోగలేదుగా పిన్నీ."

అనకూడదనుకుంటూనే అన్నాను. ఆవిడ నన్ను చూడలేదు. మళ్లీ ఊపింది, ఈసారి కళ్లు మూసుకుని. చాలాసేపు వింది. మనిషి చెప్పేది వింటున్నట్టే ఉంది.

"మోగుతోంది" అని ఇంకోసారి అంది. "కాగితం మోగుతోంది. గాజు కాదు."

పెట్టెను తనే తీసుకెళ్లి గోడవారన పెట్టింది. వచ్చి కూర్చుని, నా వైపు చూడకుండా, "ఇంతకాలం రెండూ ఒకటే అనుకున్నాను" అంది. పక్కావిడతో అందో, తనతో తనే అందో.

లారీ వెళ్లింది. ఆ తర్వాత చెయ్యడానికేమీ లేదు. మా పనిలో ఇదొకటి. సామాను పగిలితే అవతలివాళ్లు వెంటనే ఫోన్ చేస్తారు, ఫొటోలు పంపుతారు, కేకలేస్తారు. క్షేమంగా చేరితే ఎవరూ ఏమీ చెప్పరు. చేరిందని చెప్పడానికి పనిగట్టుకుని ఫోన్ చేసేవాళ్లు ఎవరుంటారు? ఓనరు గారి ఫోను మోగినప్పుడల్లా నా చేతిలో కాగితం నలిగిపోయేది. ఆయన హలో అన్నాక గొంతు ఎటు పోతుందో విని, మామూలుగా ఉంటే మళ్లీ చుట్టడం మొదలుపెట్టేదాన్ని. ఈలోగా వేరే కూజాలు, దీపం గ్లాసులు వస్తూనే ఉన్నాయి. అన్నిటికీ పొట్టకి గూడు కట్టాను. చెవులమ్మ ఒక్కోదాన్నీ విని "కాగితం" అనేది, గోడవారన పెట్టేది. ఒకసారి మాత్రం "గాజు" అంది. విప్పి చూస్తే నిజంగానే దీపం గ్లాసు అంచు అట్టకి తగులుతోంది.

ఫోన్ ఎప్పుడొస్తుందా అని చూడటం ఎప్పుడు మానేశానో నాకు తెలియదు. ఒకరోజు పాప బోర్లా పడింది. పెట్టెలో కాదు, అందులో చోటు లేదు. పాలిచ్చాక బల్ల పక్కన దుప్పటి మీద వేస్తే తిరిగింది. అందరూ చూశారు. నేను మాత్రం పాప ముక్కు దుప్పటికి ఆనిందేమోనని చూశాను.

ఆ వారంలోనే ఓనరు గారు ఒక పెద్ద అట్టపెట్టెను కాలితో తోసుకుంటూ మా గదిలోకి వచ్చారు. ఫ్రిజ్ లాంటిదేదో వచ్చిన పెట్టెలా ఉంది. ఎత్తు సగానికి కోసి, అంచులకి టేపు వేసి ఉంది.

"ఇందులో వెయ్యి" అన్నారు. "అందులో దానికి కాళ్లు చాచుకోడానికి లేదు."

"కూజా చేరిందాండి?" అన్నాను.

ఆయనకి వెంటనే గుర్తు రాలేదు. "ఏ కూజా?" అన్నారు. తర్వాత "ఆ, అదా. ఏమో, వాళ్లేం చెయ్యలేదు ఫోను. చేరే ఉంటుంది" అని వెళ్లిపోయారు.

పాత పెట్టెలోంచి పాపను తీసి చెవులమ్మ ఒళ్లో పెట్టాను. కొత్తదాన్ని బల్ల కిందికి జరిపాను. అడుగున దుప్పటి పరిచాను. పాత పెట్టెలోని బట్టల చుట్టలు ఒకటొకటిగా తీసి పక్కలకి పెట్టబోతే అవి గోడల నిండా సరిపోలేదు. రెండు పక్కలా పెట్టాను, మిగతా రెండు పక్కలా అట్టే కనబడుతోంది.

పాపను పడుకోబెట్టగానే కాలు చాచి అట్టను తన్నింది. దబ్‌మంది. అది బాగున్నట్టుంది, మళ్లీ తన్నింది.

చెవులమ్మ వంగి పెట్టె పక్కకి చెవి ఆనించి, కాసేపు విని, "మోగుతోంది" అంది.

ఇంట్లో ఇంకా పాత బట్టలు ఉన్నాయి. మర్నాడు తెద్దామనుకున్నాను. తేలేదు.